సింహం కింద మేకు

మా పిన్ని దర్జీ, ముక్కుసూటి మనిషి. ఎవరైనా బట్ట తెచ్చి బల్ల మీద పరిచి "ఈ రంగు నాకెలా ఉంటుందండీ?" అంటే, "కిటికీకి బాగుంటుంది, మీకు బాగుండదు" అని చెప్పేస్తుంది. ఆ దెబ్బకి కొందరు మళ్ళీ గడప తొక్కలేదు. తొక్కినవాళ్ళు మాత్రం ఇంకో దర్జీ దగ్గరికి పోరు. బాబాయి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతుందంటే చాలు, ఎంత అబద్ధమైనా ఆడతాడు. చచ్చిపోయిన ఫ్రిజ్‌ని కూడా "కాస్త అలిసిపోయిందండీ" అంటాడు. వీళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో, పై వాటాలో ఉండి రోజూ చూస్తున్నా నాకు అర్థం కాదు.

మూతపడిన ఆటల హాలువాళ్ళు సామాను వదిలించుకుంటుంటే బాబాయి ఒక పిన్‌బాల్ మెషీన్ తెచ్చాడు. ముక్కలు ముక్కలుగా, అట్టపెట్టెల్లో. కత్తిరింపుల బల్లకీ నిలువుటద్దానికీ మధ్య కూర్చుని దాన్ని తనే బిగించాడు. పైన అద్దం, లోపల వాలుగా ఉన్న పలక, కింది చివర బటన్ నొక్కితే బంతిని కొట్టే రెండు రెక్కలు. ఇనుప బంతి ఆ రెక్కల మధ్య నుంచి జారిందా, పోయినట్టే. ఆటకి మూడు బంతులు. పలక మీదంతా సర్కస్ బొమ్మలు, నడిమధ్యలో నోరు తెరుచుకున్న సింహం. బంతి దాని నోట్లో పడితే దీపాలన్నీ వెలిగి పాయింట్లు కుప్పలుగా వస్తాయి.

"ఈ శవపేటికని నా నెత్తిన పెట్టారేంటి?" అని పిన్ని మొదట్లో సణిగింది. తర్వాత అంచు కుట్టడానికీ గుండీ వెయ్యడానికీ మధ్య "ఒక్క ఆట" అనేది. ఆ ఒక్కటీ పూర్తయ్యేలోపు ఇస్త్రీపెట్టె చల్లారిపోయేది. బంతి రెక్కల మధ్యకి వచ్చినప్పుడల్లా అక్కడున్న చిన్న రబ్బరు మేకుకి తగిలి పైకెగిరేది, పిన్ని దాన్ని మళ్ళీ సింహం నోట్లోకి కొట్టేది. వెనక నిలబడి బాబాయి "అదరగొట్టావ్!" అనేవాడు.

"కుట్టడం తప్ప నాకేదీ సరిగ్గా రాలేదే ఎప్పుడూ" అంది నాతో ఒకరోజు. "ఇది వస్తోంది. నిజంగా వస్తోందో లేదో బయటికెళ్ళి తేల్చుకోవాలి."

ఊళ్ళో పిన్‌బాల్ పోటీ పెడుతున్నారని తెలిసి పేరిచ్చింది. అది ఒక టైర్ల కొట్టు కింద సెల్లార్‌లో జరిగింది. వరసగా మెషీన్లు, వాటిలో ఒకటి అచ్చం మాదే. "మన సింహమేనే!" అని పిన్ని నా చెయ్యి గిల్లింది. దర్జాగా వెళ్ళి మొదటి బంతినే సింహం మీదికి కొట్టింది. గురి కాస్త తప్పింది. బంతి సింహం పళ్ళకి తగిలి, తిన్నగా రెక్కల మధ్యకి దొర్లి మాయమైంది. రెండోదీ అంతే.

పిన్ని చెయ్యెత్తి నిర్వాహకుణ్ణి పిలిచింది. "ఏమండీ, మీ మెషీన్‌కి మేకు ఊడిపోయింది. చూసుకోరా?"

"ఏ మేకమ్మా?"

"రెక్కల మధ్య ఉండే రబ్బరు మేకు. బంతి దానికి తగిలి పైకెగరాలి కదా!"

ఆయన పాపం మర్యాదగానే చెప్పాడు. "ఈ మెషీన్‌కి అక్కడ మేకు ఎప్పుడూ లేదమ్మా. ఇది తయారుచేసినవాడి కొంటెతనమే అది. సింహంతో ఆశ పెడతాడు, గురి వెంట్రుకవాసి తప్పితే బంతిని మింగేస్తాడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి తన చెప్పుల వంక శ్రద్ధగా చూసుకుంటున్నాడు. పిన్నికి తల కొట్టేసినంత పనైంది. మూడో బంతి పక్కకి జారబోతుంటే ఇంట్లో అలవాటుకొద్దీ మెషీన్‌ని రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. దీపాలన్నీ ఆరిపోయి, రెక్కలు చచ్చుబడ్డాయి. కుదిపితే శిక్ష అదేనట. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అలా తిరిగొచ్చాం.

ఇంటికి రాగానే పిన్ని మెషీన్ మీది అద్దం తీసి, స్క్రూడ్రైవర్‌తో ఆ మేకు పీకింది.

"ఇంకేం చేశారు?"

"ఇంకేం లేదు."

"ఏమండీ!"

బాబాయి ఒక్కొక్కటే కక్కాడు. కుదిపితే పసిగట్టే లోలకాన్ని వదులు చేశాడు. పక్కల్లో బంతి జారిపోయే సందుల్ని ఇరుకు చేశాడు. బంతి మెల్లగా రావాలని వెనక కాళ్ళు దించాడు.

"బిగించగానే నేనొక ఆట ఆడి చూశా. మూడు బంతులూ గుటుక్కున పోయాయి. నువ్వాడితే మనసు కష్టపెట్టుకుంటావని..."

"నా మనసు సంగతి నేను చూసుకునేదాన్ని. అయితే ఇన్నాళ్ళూ మీరు 'అదరగొట్టావ్' అన్నది నన్ను కాదు, మీ మేకునన్నమాట."

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు బాబాయి మీద ఒళ్ళు మండింది. అంత ప్రేమ ఎవడు పెట్టమన్నాడు?

మేకు గుండీల డబ్బాలోకి పోయింది. బాబాయి చేతే కాళ్ళు పైకెత్తించి, సందులు వెడల్పు చేయించి, లోలకం బిగింపజేసింది. "నా ఆట గురించి ఇక నోరెత్తకండి" అని హెచ్చరించింది కూడా. మొదట్లో పిన్ని ఆటలు తుమ్మినంతసేపు కూడా నడిచేవి కావు. మెల్లగా ఓపిక నేర్చుకుంది. వచ్చిన బంతిని వచ్చినట్టే బాదకుండా, రెక్క ఎత్తిపట్టి దాని మీద ఆపి, ఊపిరి పీల్చుకుని అప్పుడు కొట్టేది. ఎడమ పక్కన వంతెన ఒకటుంది. దాని మీదికి పంపితే వచ్చే పాయింట్లు తక్కువే, కానీ బంతి బుద్ధిగా తిరిగి రెక్క దగ్గరికే వస్తుంది. సింహం జోలికి పోవడం మానేసింది. "ఇంట్లో బంతి పోతే ఇంకో ఆట. పోటీలో పోతే ఇంటికే" అనేది.

మరుసటి ఏడాది అదే సెల్లార్. పిన్ని ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఆఖరి ఆటదాకా వెళ్ళింది. ఎదురుగా పాత విజేత, ఒక పళ్ళ డాక్టరమ్మ. మెషీను ఆ సర్కస్ సింహం ఉన్నదే. డాక్టరమ్మ తన మూడు బంతులూ ముగించి పక్కన నిలబడింది. పిన్ని ఆఖరి బంతితో వంతెన, మళ్ళీ వంతెన, మళ్ళీ వంతెన. తేడా కరిగిపోతోంది. ఇంకాస్తే మిగిలింది. బంతి రెక్క మీద ఆగి ఉంది. ఎదురుగా సింహం నోట్లో దీపం మిణుకుమిణుకుమంటోంది. పిన్ని సింహాన్ని కొట్టింది.

పళ్ళకి తగిలింది.

అందరూ వచ్చి "బ్రహ్మాండంగా ఆడారు", "దురదృష్టమండీ" అన్నారు. నేనూ అన్నాను, ఏం చెయ్యను. పిన్ని అందరికీ తలూపింది. ఒక్కళ్ళ మాటా చెవికెక్కినట్టు లేదు. ఇంటికి నడుస్తుంటే వీధి మలుపులో బాబాయి గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ఏ తియ్యటి అబద్ధం ఆడతాడోనని నేను భయపడ్డాను.

"సింహాన్ని కొట్టడం తప్పు" అన్నాడు. "ఎందుకు తొందరపడ్డావ్? ఇంకో రెండుసార్లు వంతెన ఎక్కిస్తే గెలిచేదానివి. చేజేతులా పోగొట్టుకున్నావ్."

పిన్ని ఆగిపోయింది. ఆయన వంక ఎగాదిగా చూసింది.

"అంటే, నేను గెలవగలిగేదాన్నేనంటారా?"

"గెలవగలిగేదానివే."

పిన్ని ఈసారి ఆ మాట నమ్మింది. బాబాయి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది.