టీకా కావాలన్న ఊరికి మూడో అవగాహన సభ

హిందూపురంలో ఉదయం ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కాను. సర్వే కాగితాలు చూసి, ఏ ఊరివాళ్లు ఏమనుకుంటున్నారో తేల్చడం నా పని. ఈసారి కరోనా టీకా, ఫ్లూ టీకా గురించి పల్లెల్లో అడిగారు. ఫారంలో ఒకటి అంటే ‘తప్పక వేయించుకుంటాను’, ఐదు అంటే ‘వద్దే వద్దు’. నేను తిరగేసి చదివాను. అందరికంటే ఎక్కువగా టీకా కోరిన ఊరు నా నివేదికలో అందరికంటే మొండి ఊరైంది. ఫ్లూ టీకా సీసాలు వద్దన్న ఊరికి వెళ్లాయి. కావాలన్న ఊరికి డప్పులు, పాటలు, ఉపన్యాసాలు వెళ్లాయి.

తప్పు పది రోజుల కిందటే కనిపెట్టాను. కానీ ఆ నివేదికకే ధర్మవరం ఆఫీసులో నాకు శాలువా కప్పారు. నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ టీకా కోరిన ఊరినే ఒకసారి చూసి రావాలని బయల్దేరాను.

పెనుకొండలో దిగి, ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు రొద్దం బస్సెక్కాను. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వస్తున్న కుర్రవాడు పక్కన కూర్చున్నాడు. నేను వెళ్లే ఊరి పేరు వినగానే నవ్వాడు.

“సూదికి భయపడే ఊరంట కదన్నా అది!”

నేను కిటికీలోంచి వేరుశనగ చేలు చూశాను.

ఊళ్లో పాలకేంద్రం దగ్గర ఈశ్వరమ్మ అనే అవ్వ నా సంచిని చూసి ఆపింది.

“ఏమప్పా, ఈసారన్నా సూది తెచ్చినావా, మళ్లా పాటేనా?”

“ఏదీ తేలేదవ్వా.”

“రెండు తూర్లు వచ్చినారు. ఏస్తారని చెయ్యి సాపుకొని కూకుంటే, సూది మంచిదని చెప్పి పాయిరి. మాకు తెలీదా? చలి పడితే నాకు ఊపిరాడదు. పోయినేడు ఆస్పత్రిలో చేర్చినారు.”

“పాట బాగుండాది లేమ్మా” అన్నాడు క్యాను పట్టుకున్న ముసలాయన.

“నీ దగ్గు పాయెనా పాటకు?” అని కసిరి, నా వైపు తిరిగింది. “మాకొద్దని రాసిందెవురప్పా?”

“కంప్యూటర్ పొరపాటవ్వా.”

“దాన్ని ఈడికి పిల్చుకొని రా. నేను మాట్లాడతా.”

తిరుగు బస్సులో తల ఎత్తలేకపోయాను. పెనుకొండలో అన్నం సయించలేదు. రైలెక్కి మూడింటికి ధర్మవరం ఆఫీసులో మా పై అధికారి మేడం ముందు నిలబడి, తప్పంతా కాగితం మీద రాసిచ్చాను. వద్దన్న ఊళ్లో సీసాలు అలాగే ఉన్నాయట, శనివారంతో గడువు తీరిపోతుందట.

“రేపే పంపిద్దాం. కానీ ఒక చిక్కు” అన్నారావిడ. “వ్యతిరేక గ్రామంలో మూడు అవగాహన సభలు అయ్యాకే టీకా వేయాలి. రెండే అయినాయి.”

“వాళ్లు వ్యతిరేకులే కారు మేడం!”

“రికార్డు మారాలంటే మళ్లీ సర్వే చేయాలి. శనివారంలోగా అవుతుందా?”

కాదన్నాను.

“అయితే మూడో సభ మీరే పెట్టండి. పది నిమిషాలు మాట్లాడితే చాలు.”

సాయంత్రం హిందూపురానికి టికెట్ తీసుకున్నాను. రైల్లో ఎదురుగా పట్టుచీరల మూటతో ఒక నేతగాడు. నా పనేమిటో అడిగి, చెబితే ఆశ్చర్యపోయాడు.

“జనం మనసులో ఏముందో అడిగితే చెప్తారు గదప్పా! దానికి లెక్కేంటికి?”

“చెప్పినారన్నా” అన్నాను.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. రొద్దం పల్లెల్లో ఏది అడిగినా సూటిగా చెబుతారు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే ఒక్క ప్రయాణంతో పని అయిపోతుంది.

నాకు అవలేదు. పెనుకొండలోనే దిగిపోయి, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. రేపటి ఉపన్యాసం రాద్దామని కూర్చున్నాను. టీకా గురించి వాళ్లకు నేను చెప్పవలసిందేమీ లేదు. వాళ్లకు టీకా వద్దని రాసింది నేనేనని చెప్పడానికి పది నిమిషాలు ఎక్కువే.