మామ్మ ఊదుగొట్టం, తాత తుపాకి

అవిసె నూనె డబ్బా మూత తీశాను. కొత్త క్రికెట్ బ్యాటుకీ పాత రంగుల కొట్టుకీ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసన ముక్కుకి తగలగానే నాకొక మహాగాథ చెప్పాలనిపిస్తుంది. సముద్రాలు దాటి వచ్చిన ఒక సిపాయి తుపాకి, దాన్ని ప్రాణంలా చూసుకున్న ఒక వీరుడు, ముక్కలైపోయిన ఆ ఆయుధాన్ని మళ్ళీ ఒక్కటి చేయడానికి అతను పడిన తపన, అతనికి ఎదురు నిలిచిన ఒక స్త్రీ, చివరికి రాజ్యాధికారం ముందు తలెత్తుకు నిలబడిన ఘట్టం. అలా చెబితే ఎవరైనా కదలకుండా వింటారు. కాని వీరుడు మా తాత, సైన్యంలో ఉన్నంత కాలం ఆయన చూసుకున్నది దుప్పట్ల స్టోరు. స్త్రీ మా మామ్మ. రాజ్యాధికారం అంటే మా సబ్ ఇన్‌స్పెక్టరు గారు, ఆ రోజు ఆయనకి జలుబు. తుపాకి సంగతంటారా, అది మా ఊరు చేరేసరికే పేలడం మానేసింది.

మా ఊరు నెల్లిమర్లకి దగ్గర. జూటు మిల్లు సైరను వినిపించేంత దగ్గర, సైరను విని పరిగెత్తక్కర్లేనంత దూరం. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో కాలవ గుంటల్లో నార కోసం ఊరేసిన గోగు కంపు ఊరంతా కమ్ముకునేది. చుట్టాలొస్తే ముక్కు మూసుకునేవారు, మేం మాత్రం గాలంటే అలాగే ఉంటుందనుకునేవాళ్ళం. చలికాలం పొద్దున్నే చల్లటి చోడి అంబలిలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని, ఆ నోటితోనే బడికెళ్ళి పక్కవాళ్ళని దూరం జరిపేవాళ్ళం. ఎండాకాలం జీడిమామిడి పళ్ళు తిని గొంతు గరగరలాడి, గౌన్ల మీద ఏ సబ్బుకీ లొంగని మరకలు చేసుకుని, ఆ మరకలకి తగిన తన్నులు తిని, మర్నాడు మళ్ళీ అదే తోటలో తేలేవాళ్ళం.

పటాలం నుంచి రిటైరయ్యాక తాత హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాడు. అక్కడ పిల్లలు భుజాన వేసుకుని నడవడానికి పాతకాలపు సైన్యం తుపాకులు కొన్ని ఉండేవి. ఎవరూ పొరపాటున కూడా కాల్చకుండా సర్కారువారు ముందే ప్రతి గొట్టానికీ మొదట్లో ఒక బొక్క పెట్టేశారు. వాటికి చెదలు పట్టి తుక్కు కింద తీసేసినప్పుడు, ఉన్నవాటిలో గట్టిదాన్ని తాత ఇంటికి తెచ్చుకున్నాడు.

దాన్ని పాడుచెయ్యాలని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఒక వస్తువు పనీపాటా లేకుండా గోడకి వేలాడుతుంటే మావాళ్ళు చూడలేకపోయారు, అంతే. ముందు తోలు పట్టీ గేదె మెడకెక్కింది, గంట కట్టడానికి. భుజానికి ఆనించే వెనక చెక్క మా అమ్మ చేతిలో బట్టలు బాదే కర్రయింది. దాని దెబ్బకి దుప్పటి మురికితోపాటు దుప్పటి పువ్వులు కూడా వదిలిపోయేవి. గొట్టం కింద ఉండే పొడుగాటి ముందు చెక్కకి మధ్యలో గాడి ఉంటుంది కాబట్టి అందులో కోడిపిల్లలకి నూకలు పోసేవాళ్ళం. తూటా ఎక్కించే ఇనప కడ్డీ పక్కింటి అప్పన్న మావ ఎద్దుల శాలకి గడియగా వెళ్ళింది. ఇక అసలు గొట్టం వంటింట్లో మామ్మ ఊదుగొట్టం. బొక్క ఉన్న కొసని నోటి దగ్గర పెట్టుకుని, బొక్కని బొటనవేలితో మూసి, మంట పెరగాలంటే వేలు బిగించి, తగ్గాలంటే కాస్త సడలించి, వేణువు వాయించినంత ఒడుపుగా ఊదేది. రాగం మాత్రం ఎప్పుడూ ఒకటే, ఫూ.

ఇదంతా తాతకి పెద్ద పట్టింపు కాదు, ఎన్నికలొచ్చేదాకా. ఎన్నికల కోడు రాగానే తుపాకులున్నవాళ్ళు వాటిని పోలీసు స్టేషన్లో జమ చెయ్యాలి. మా ఊళ్ళో పెద్దింటి నాయుడుగారికి జంట గొట్టాల తుపాకి ఒకటుండేది. కానిస్టేబులు సైకిలు మీద వాళ్ళింటికొచ్చి, అరుగు మీద కూచుని, మజ్జిగ తాగి, ‘తుపాకి ఇప్పించండి బాబూ’ అని వినయంగా అడిగి, రసీదు రాసి పట్టుకెళ్ళేవాడు. ఆ రోజు తాత కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా అరుగు మీద కూచునేవాడు. సైకిలు మా ఇంటి ముందు నుంచే వెళ్ళేది, కాని ఆగేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక తాత ఆ గొట్టాన్ని చేత పట్టుకుని తనే స్టేషనుకి వెళ్ళాడు. హెడ్డు కానిస్టేబులు గొట్టంలోకి కన్నుపెట్టి చూసి, ముక్కుకంటిన మసి తుడుచుకుంటూ, “ఇది తుపాకి కాదు తాతా, ఊదుగొట్టం. బేగి ఇంటికెల్లు, మామ్మ ఎతుక్కుంతాది” అన్నాడు. ఆ మాట తాతకంటే ముందే ఊరు చేరింది. ఆ సాయంత్రం తాత అన్నం ముట్టలేదని చెప్తే బాగుంటుంది. తిన్నాడు. పెరుగు మాత్రం వేసుకోలేదు.

మళ్ళీ ఎన్నికల నాటికి తుపాకి ఒరిజినల్ కండిషన్లో ఉండాలనీ, దాన్ని తుపాకి అని పోలీసుల నోటితోనే అనిపించాలనీ అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. ఒరిజినల్ కండిషన్ అన్నది ఆయనకి దుప్పట్ల స్టోరులో అబ్బిన మాట. మిగతా ముసలివాళ్ళు మోక్షం అన్నంత భక్తిగా అనేవాడు.

నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో కోడు వచ్చింది. తాత నన్ను వెంటేసుకుని వసూళ్ళకి బయల్దేరాడు.

“అప్పన్నా, నీ శాల గడియ నా తుపాకీది. ఇచ్చీ.”

“తీసుకెల్లండి మాస్టారూ, నాకేటి. రాత్తిరికి నా ఎద్దు మీ గోగుసేలో పడితే మట్టుకు దాని మీద తుపాకెట్టకండి” అన్నాడు అప్పన్న మావ.

తాత చింతకర్రతో తనే ఒక మేకు చెక్కి ఆ శాలకి బిగించాకే కడ్డీ తీసుకున్నాడు. మా అమ్మ బట్టల కర్ర అప్పగిస్తూ, “దుప్పట్ల డిపార్టుమెంటు మీదే కదేటి మావయ్యా, ఇకమీద ఉతుకుడు కూడా మీరే సూసుకోండి” అంది. తాత వినిపించనట్టు నడిచాడు. కోడిపిల్లలకి ముందు చెక్క బదులు కొబ్బరి చిప్పలు పెట్టాం, వాటికి పెద్ద తేడా తెలిసినట్టు లేదు. చెక్కకి బిగించే మర ఒకటి ఎంతకీ దొరకలేదు. చివరికి అది కుట్టుమిషను కింద, మిషను ఊగకుండా కాపాడుతూ కనబడింది.

ఆ తర్వాత మా పెరడు ఒక కర్మాగారమైపోయింది. తాత చెక్కల్ని వేడి సోడా నీళ్ళతో తడిపి ఇస్తే నేను కొబ్బరి పీచుతో తోమేదాన్ని. కిటికీలకి వేసిన పచ్చరంగు, దాని కింద తలుపులకి వేసిన నీలం, దాని కింద ఎద్దుల కొమ్ములకి వేసే ఎరుపు, ఇంట్లో ఎప్పుడు ఏ రంగు మిగిలినా ఆ చెక్క మీదే తేలినట్టుంది. అన్నీ వదిలాక అడుగున తేనెరంగు చెక్క కనబడింది. గరుకు కాగితం పెట్టి రుద్దితే తొందరగా అవుతుందన్నాను గాని తాత ఒప్పుకోలేదు, చెక్క మీద పొడిచిన పాత అంకెలు అరిగిపోతాయట. సొట్టలు పడినచోట తడిగుడ్డ పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించేవాడు. బుస్సుమని ఆవిరి లేచేది, కాసేపటికి ఆ సొట్ట అప్పడంలా మెల్లగా పైకి పొంగేది. ఇనప ముక్కలకి కిరసనాయిలు, తోలుపట్టీకి ఆముదం, చెక్కకి అవిసె నూనె. ఆ నూనె అరచేత్తోనే పట్టించాలి, చెయ్యి కాలేదాకా రుద్దాలి, ఎండలో పెట్టాలి, ఆరాక మళ్ళీ రుద్దాలి. పక్కన జీడిమామిడి పళ్ళు కోసి ఉప్పు చల్లుకుని తినేవాళ్ళం, ఆ వేసవంతా నేను తిన్నవాటన్నిటికీ కొంచెం నూనె రుచి ఉండేది.

అప్పన్న మావ రోజూ వచ్చి సలహాలిచ్చేవాడు. “ఆ బొక్కలో సీసం పోసీండి మాస్టారూ, కొత్తదానిలాగుంతాది.”

“అది సర్కారు పెట్టిన బొక్కరా. అదీ ఒరిజినలే. మనం ముయ్యకూడదు.”

ముయ్యడానికి అసలు గొట్టం మా చేతిలో ఉంటే కదా. అది వంటింట్లోంచి కదల్లేదు.

“నా పొయ్యెవుడు ఊదుతాడు? నీ సర్కారొచ్చి ఊదుతాదేటి?” అంది మామ్మ.

తాత విజయనగరం వెళ్ళి ఒక కొత్త ఊదుగొట్టం తెచ్చాడు. మామ్మ ఒక్కసారి ఊది పక్కన పెట్టేసింది. “దీంట్లో ఊపిరి ఆనట్నేదు. బూడిదంతా నా కంట్లోకే వస్తన్నాది.” తాత రెండోసారి అడగలేదు. అన్ని ముక్కలూ నిగనిగలాడుతూ నులకమంచం మీద బారుగా పడున్నాయి, మధ్యలో గొట్టం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆయన దాని పక్కనే కూచుని, నూనె ఇంకిపోయిన చెక్కకే మళ్ళీ నూనె పట్టించేవాడు. జమ చెయ్యడానికి గడువు రేపటితో అయిపోతుందని తెలిసిన మధ్యాహ్నం కూడా అలాగే కూచున్నాడు.

నేను మంచినీళ్ళకని పెరటి చివరికి వెళ్తే నూతి చుట్టూ కట్టిన పళ్ళెం దగ్గర మామ్మ కనబడింది. చింతపండూ బూడిదా కలిపి ఆ గొట్టాన్ని బిందె తోమినట్టు తోముతోంది. తాడుకి గుడ్డపేలిక కట్టి, లోపలికి దూర్చి, అటూ ఇటూ లాగుతోంది. గుడ్డ నల్లగా వస్తే ఇంకో గుడ్డ.

“ఏటి సూస్తన్నావు గుంటా? మసితోటి అంపితే మీ తాతనేటి, నన్నంతారు. గొట్టమైనా తోముకోనేదు ఆడి పెళ్ళాం అని.” ఆవిడకీ ఆ హెడ్డు మాట తగిలిందని, అన్నేళ్ళూ తగిలే ఉందని, నాకప్పుడే తెలిసింది. తాత చేతికిస్తూ మాత్రం ఒకే మాట చెప్పింది: “ఎలచ్చన్లు అవగానే నా గొట్టం నాకు కావాల.”

మర్నాడు తుపాకిని మామ్మ పాత చీరలో చుట్టి స్టేషనుకి తీసుకెళ్ళాం. ఎస్సైగారు కుర్రాయన, ముక్కు ఎర్రగా ఉంది, బల్ల మీద జేబురుమాళ్ళ గుట్ట. అదే హెడ్డు కానిస్టేబులు మళ్ళీ గొట్టంలోకి కన్నుపెట్టాడు. ఈసారి ముక్కుకేమీ అంటలేదు.

“అద్దంలాగున్నాది సార్” అన్నాడు, కాస్త నిరాశగా.

ఎస్సైగారు బొక్కలోకి చూశారు. “తాతగారూ, ఇది పేలదు కదండీ. పేలనిదాన్ని జమ చేసుకునే రూలు లేదు.”

“పేలకపోతే తుపాకి కాదేటండి?” అన్నాడు తాత.

తాత అరచెయ్యి చెక్క మీద ఉంది, నూనె పట్టించేటప్పటిలాగే అటూ ఇటూ రుద్దుతోంది, తనకే తెలియకుండా. ఎస్సైగారు ఆ చేతివంక కాసేపు చూసి, గట్టిగా ఒక తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకున్నారు.

“తుపాకే. కాదని ఎవరన్నారు?”

హెడ్డు కానిస్టేబులు పైనున్న ఫ్యాను వంక చూశాడు.

“స్టేషన్లో చెమ్మ ఎక్కువ, చెక్క పాడవుతుంది. ఎన్నికలయ్యేదాకా కట్టేసి మీ ఇంట్లోనే ఉంచండి. ఎవరికీ చూపించొద్దు. ఇది ఆర్డరు.”

తాత మడమలు దగ్గరికి కొట్టి సెల్యూట్ చేశాడు. రబ్బరు చెప్పులు కాబట్టి చప్పుడు రాలేదు.

ఇక ఇంటికొచ్చాక ఆయన్ని పట్టుకోలేకపోయాం. తుపాకిని గోగునారతో కట్టి, మంచం కింద పెట్టి, మంచం మీద తను కూచున్నాడు. అన్నాళ్ళూ దాని మొహం చూడనివాళ్ళంతా చూపించమని వచ్చారు. తాత కళ్ళు సగం మూసి, “ఆర్డరు” అనేవాడు. నాయుడుగారికి ఇచ్చింది వట్టి రసీదు, మా తాతకి ఆర్డరిచ్చారు. ఆ తేడా ఊరంతటికీ అర్థమయ్యేలా ఆయన రోజుకోసారి వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. లోపల మామ్మ కొత్త గొట్టంతో దగ్గుతూ వండేది.

ఎన్నికలయ్యాయి. ఎవరు గెలిచారో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఫలితాలొచ్చిన నాలుగైదు రోజులకి తొలకరి పడింది. కట్టెలు తడిశాయి, వంటింట్లోంచి పొగ వీధిదాకా వచ్చింది, దగ్గు దాని వెనకే వచ్చింది. తాత అరుగు మీద కూచుని కాసేపు విన్నాడు. లేచి, మంచం కింద నుంచి తుపాకి తీసి, తాళ్ళు విప్పి, తను బిగించిన మరలు ఒక్కొక్కటే తనే విప్పాడు. గొట్టం పట్టుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టాడు. మామ్మ బొక్క మీద బొటనవేలు పెట్టి ఊదింది. మంట లేచింది.

“ఒరిజినల్ కండిషన్ పోయింది కదా తాతా” అన్నాను.

“ముందు బియ్యం అన్నమవనీ గుంటా” అన్నాడు.

ఆ వానాకాలం ముగిసేలోపు గడియ శాలకీ, పట్టీ గేదెకీ, కర్ర అమ్మకీ, నూకల తొట్టి కోళ్ళకీ మళ్ళీ చేరిపోయాయి.

ఇప్పుడు తాత లేడు. గేదెని అమ్మేశాక పట్టీ ఇంటికొచ్చింది. వాషింగ్ మిషను రాగానే వెనక చెక్క వచ్చింది. కోళ్ళు కొట్లోంచే ముక్కలుగా వస్తున్నాయి, కాబట్టి ముందు చెక్క ఖాళీ. అప్పన్న మావ శాల తీసేసి మోటారు సైకిలుకి షట్టరు పెట్టించినప్పుడు కడ్డీ తనే తెచ్చిచ్చాడు. గ్యాసు పొయ్యి వచ్చాక గొట్టం కూడా ఊరుకుంది. ఈసారి ఎవరినీ అడగలేదు, ఎవరితోనూ తగువు పడలేదు. ఒక్కొక్క ముక్కా పని పోగొట్టుకుని ఇల్లు చేరింది. నేను మరలు బిగించానంతే. ఇప్పుడది గోడ మీద పూర్తిగా ఉంది, తాత కలగన్నంత పూర్తిగా, ఎవరికీ ఎందుకూ అక్కర్లేకుండా.

నేను నూనె పట్టిస్తుంటే మామ్మ వచ్చి పక్కన కూచుంది. గ్యాసు ధర గురించీ, పక్కింటి కోడలి గురించీ మాట్లాడుతూ మాట్లాడుతూ, చూసుకోకుండానే బొటనవేలు ఆ బొక్క మీద ఆనించింది. నేను ఆ చుట్టూ వదిలేసి మిగతాది పూర్తిచేశాను.

నూనె తుడిచిన గుడ్డని ఉండలా చుట్టి మూల పడెయ్యకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కుతుంది, గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరెయ్యాలి.