కష్టాలు పడ్డ గొంతు

కళ్లజోళ్లు బాగుచేసే పెద్దాయన దుకాణం తెరవగానే గ్రామఫోనుకు కీ ఇచ్చి, వందేళ్ల నాటి ఒపేరా గాయని రికార్డు పెడతాడు. ఆవిడ పాడే భాషలో ఆయనకు ఓనమాలు రావు. అయినా ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుసు. అక్కడ ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కూడా ఆగుతుంది. "కష్టాలు పడ్డ గొంతండీ ఇది" అని అడగనివాళ్లకు కూడా చెబుతాడు.

మొన్న అల్లుడు ఆ పెట్టె విప్పి చూసి, "మామయ్యా, ఇన్నేళ్లూ ఇది నెమ్మదిగా తిరుగుతోంది" అంటూ వేగం సరిచేశాడు. అదే రికార్డు, కానీ ఈసారి పాడింది ఇరవయ్యేళ్లు నిండని పిల్ల. గలగలా, ఏ దిగులూ లేకుండా పాడింది. పెద్దాయన తలవంచుకుని చివరిదాకా విన్నాడు.

"బాగా పాడిందయ్యా" అన్నాడు.

అల్లుడు వెళ్లాక రికార్డు మళ్లీ మొదటినుంచి పెట్టి, ఆవిడ తిరిగొచ్చేదాకా దాని అంచుకు మెల్లగా వేలు ఆనించి ఉంచాడు.