బాదములకు దీపము

ఈ ఉదయం కూడా మా మనవరాలు స్టీలు గిన్నెలో నానిన బాదం పప్పులు ఒక్కొక్కటే తీసి, తొక్క ఒలుచుకుని, మాట్లాడకుండా తిని వెళ్లిపోయింది. పొద్దున్నే బాదం పెడితే పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఈ ఢిల్లీలో నమ్మని ఇల్లు ఉండదు, ద్వారకలో మా ఎదుటి ఫ్లాటు పంజాబీ ఆవిడ పుణ్యమా అని ఆ అలవాటు మా ఇంటికీ వచ్చింది. మొన్న మొన్నటి వరకూ ఆ గిన్నె ముందు కూర్చుంటే నాలుగేళ్ల ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. తొక్క ఎందుకుంది నానమ్మా, నీళ్లలో బాదంకి ఠండ్ లగ్తీ హై క్యా, చలేస్తుందా, అని సగం తెలుగు సగం హిందీ కలిపి నా బుర్ర తినేది. ఇప్పుడు తెలుగులో ఒక్క మాట లేదు, నన్ను కూడా ఎదుటింటి పిల్లల్లాగా దాదీ అంటోంది, అన్నం ముందు ప్రార్థన చేయమంటే తల అడ్డంగా ఊపి తల్లి వెనక దాక్కుంటోంది. పిల్లలన్నాక అలుగుతారులే అని నా ఈడు వాళ్లు అనుకోవచ్చు గానీ, ఇది అలక కాదు. దాని నోరు మూయించారు, అదీ దేవుని సన్నిధిలో, మైకు పట్టుకుని మరీ.

మా తెలుగు సంఘం ఆదివారాల్లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటుంది, క్రిస్మస్ ముందు పిల్లలకు కంఠత వాక్యాల పోటీ పెడతారు. పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి వాక్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఫోనుకు వస్తాయి, నోయిడా ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చే మా అబ్బాయి వాటిని చదివి కూతురి చేత వల్లె వేయించాడు. దానికి వచ్చింది, దేవుని వాక్యము నా పాదములకు దీపము అని చెప్పే చిన్న వాక్యం. ఆ రోజు కొత్త గౌను వేసుకుని, చేతులు జోడించుకుని, హాలు చివరి వరసకు వినపడేలా, బాదములకు దీపము అని చెప్పింది.

పోటీ నడిపిస్తున్నాయన సంఘంలో పెద్ద, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, మంచివాడేనని అందరూ అంటారు. ఆయన మైకులో, "బాదం కాదమ్మా, పాదం! బాదం బాగానే తిని వచ్చినట్టున్నావు, మెమరీ మాత్రం పెరగలేదు!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. మా అబ్బాయి కూడా నవ్వాడు, సిగ్గుతో నవ్వాడో నిజంగా నవ్వాడో నేను చూడలేదు, ఎందుకంటే నేను ఆ పిల్ల ముఖమే చూస్తున్నాను. తను ఏం తప్పు చేసిందో దానికి తెలియలేదు. అందరూ తనను చూసి నవ్వుతున్నారన్నది మాత్రం తెలిసింది.

పసిపిల్లల బుర్ర ఎలా ఎదుగుతుందో నాకు ఆయన చెప్పనక్కర్లేదు. కోస్తా నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సుగా చేరిననాటి నుంచి నా కళ్లు చూసిందంతా అదే. నిన్న పుట్టిన బిడ్డ నేనెంత ఊపినా ఏడుపు ఆపేది కాదు, గోడకు ఆవల నుంచి తల్లి గొంతు వినపడగానే ఊపిరి బిగబట్టి వినేది. కడుపులో ఉండగానే సృష్టికర్త ఆ గొంతును దానికి పరిచయం చేశాడని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఆ రోజుల్లో మేము తెల్ల టోపీలు పెట్టుకునేవాళ్లం, కొన్ని నెలల వయసొచ్చి పదేపదే సూదులు పొడిపించుకున్న పిల్లలు గుమ్మంలో నా టోపీ కనపడగానే ఏడుపు అందుకునేవారు. సరే కదా అని టోపీ తీసి, ఎర్ర శాలువా కప్పుకుని వెళితే నవ్వుతూ నా చంకెక్కేవారు. కానీ ఏడాది నిండిన ఒక గడుసు పిల్లాడు, నేను శాలువా కప్పుకుని వెళ్లినా మెల్లగా కిందికి చూసి, నా నల్ల బూట్లు కనిపెట్టి, కెవ్వుమన్నాడు. నా తోటి నర్సులు విరగబడి నవ్వారు గానీ నేను నిలబడిపోయాను. టోపీని గుర్తుంచుకోవడం జ్ఞాపకం, బూట్లు చూసి ఈమె ఆమేనని పట్టుకోవడం ఆలోచన, మొదటిదాని భుజమెక్కి రెండోది లోకాన్ని చూస్తుంది. మా మనవరాలైతే ఇంకా మాటలు రాని రోజుల్లోనే నేను అన్నం ముందు ప్రార్థన ముగించి ఆమేన్ అనగానే నోరు తెరిచేది, ఎందుకంటే దాని లెక్కలో ఆమేన్ అంటే ముద్ద వస్తోందని అర్థం. ఒకసారి ఆరాధన మధ్యలో సంఘమంతా ఆమేన్ అంటే, ఇది పిచ్చుక పిల్లలా నోరు తెరుచుకుని చుట్టూ చూసింది. అది చూసి ఎవరూ దానికి మార్కులు తగ్గించలేదు.

మా నాన్న గోదావరి జిల్లాలో సంఘానికి ఉపదేశి. ఆయన దగ్గర వాక్యం నేర్చుకున్నదాన్ని కాబట్టే నాకు ఈ కోపం పట్టరానిదవుతోంది. నాకు నాలుగైదేళ్లప్పుడు అరణ్యంలో దేవుడు తన ప్రజలకు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిపించిన సంగతి ఆయన చెబుతుంటే విని, నాకు మన్ను అని వినపడి, తెల్లారి పెరట్లో కూర్చుని గుప్పెడు మన్ను నోట్లో వేసుకున్నాను. అమ్మ చీపురు తిరగేసి వచ్చింది. దేవుడు పెట్టిందే కదా తింటున్నానని నేను ఏడుస్తూ చెబితే, నాన్న ఆమెను ఆపి, నా ఎదురుగా గొంతుక్కూర్చుని, ఎంతో అక్కరగా, "రుచెలా ఉందే?" అని అడిగారు. బాగాలేదన్నాను. మరి తేనెపూత రొట్టెలా ఉందని తిన్నవాళ్లు చెప్పారు కదే, అన్నారు, అంతే, ఇంకేం చెప్పలేదు. నేను నోట్లో మట్టితో చాలాసేపు ఆలోచించి, అయితే అది మన్ను కాదు, ఇంకేదో, అన్నాను. అప్పుడు నవ్వారాయన, నన్నెత్తుకుని, కొంగుతో నా మూతి తుడవమని అమ్మకిచ్చి మరీ నవ్వారు. నా తప్పును నా చేతే పట్టించిన ఆ ప్రశ్న తర్వాత వచ్చిన నవ్వు అది. లేఖనాల్లో భద్రం చేసుకోవడం, తలపోయడం అని రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి లేకుండా ఇంకొకటి చేస్తే దాన్ని భక్తి అనరని ఆయన ఎన్నిసార్లు ప్రసంగించారో.

అందుకే ఆరాధన అయ్యాక ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్లాను. గుక్క తిప్పుకోకుండా వాక్యాలు అప్పగించి మొదటి బహుమతి గెలిచిన బాబు పక్కనే ఉన్నాడు, పాదం అంటే ఏమిటి నాన్నా అని వాణ్ని నిలదీయాలని నాలుక చివరి దాకా వచ్చింది గానీ మింగేశాను, ఒక పసివాణ్ని నలుగురిలో చిన్నబుచ్చడానికి కాదు కదా నేను వెళ్లింది. అయ్యా, అలా ఎందుకన్నావని దాన్ని ఒక్కసారి అడిగారా, అన్నాను. "ఆంటీ, టైమ్ ఎక్కడుంది? ఇంకా ఎంతమంది పిల్లలున్నారో చూశారు కదా" అన్నాడు, నవ్వుతూనే. నేనూ ఊరుకోలేదు, "ప్రభువు పిల్లల్ని దగ్గరికి రానిమ్మన్నప్పుడు గడియారం చూసుకున్నాడా బాబూ?" అన్నాను. మా అబ్బాయి నా మోచెయ్యి పట్టుకుని, జోక్‌ని జోక్‌లా తీసుకోమ్మా, పద, అన్నాడు.

ఆ నాటి నుంచి నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, బాదానికి దీపం ఎందుకే తల్లీ, అని. ఈ సాయంత్రం మాత్రం ఒకటి జరిగింది. చలికాలం కదా, తొందరగా చీకటి పడింది, పైగా పొగమంచు, లైటు కూడా వేయకుండా రేపటి బాదం నానబెడదామని డబ్బాలో చెయ్యి పెట్టి తడుముకుంటుంటే రెండు పప్పులు కింద పడ్డాయి. వంగలేక వెతుకుతున్నాను. వెనక ప్లాస్టిక్ స్టూలు ఈడ్చిన చప్పుడైంది. మనవరాలు ఆ స్టూలెక్కి, మునివేళ్ల మీద నిలబడి, స్విచ్ నొక్కింది. ట్యూబులైటు రెండుసార్లు మిణుకుమని వెలిగింది. పప్పులు పొయ్యిగట్టు కింద మెరుస్తూ కనిపించాయి.

"అబ్ దిఖా, నానమ్మా?" అంది, ఇప్పుడు కనపడ్డాయా అని.

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. అరణ్యంలో రొట్టె మన్ను కాదని నేనెలా తెలుసుకున్నానో, అలాగే చీకటి వంటగదిలో బాదాలకు దీపం కావాలని అది తెలుసుకుంది, ఆ వాక్యం చెప్పే వెలుగు సంగతి ఆ హాల్లో అందరికన్నా బాగా దానికే అర్థమైంది. ఒక్క అక్షరం దిద్దితే సరిపోయేది. మా నాన్నలా గొంతుక్కూర్చునే మనిషి ఆ రోజు ఆ వేదిక మీద ఒక్కడు లేకపోయాడు. ఇప్పుడు మాకు మైకులున్నాయి, బహుమతులున్నాయి, ఫోనుకు వచ్చే వాక్యాలున్నాయి, పిల్ల ముందు కింద కూర్చోవడానికి మాత్రం ఎవరికీ మోకాళ్లు వంగడం లేదు. నా మోకాళ్లూ వంగవు, అయినా ఇవాళ ఎలాగో కూర్చున్నాను. అది స్టూలు దిగి వచ్చి నా చెప్పు పక్కకు జరిపి, దాని కింద ఇంకో పప్పు ఉందేమోనని చూస్తుంటే, దాని చిన్న వేలు నా పాదం మీద పెట్టించుకుని, దీన్ని తెలుగులో ఏమంటారో తెలుసా, అని అడిగాను.