ఆఫ్రికా ప్రయాణానికి ముందు టెక్కలిలో ఒక రోజు

అక్కా, బావా, నేనూ కలిసి కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు మిల్లు నడుపుతున్నాం. మా ఉద్దానం ప్రాంతపు తోటల్లో పండే జీడిపిక్కలు ఏడాది పొడుగునా మిల్లుకి సరిపోవు కాబట్టి, ఆఫ్రికా నుంచి ఓడల మీద వచ్చే పిక్కలు కూడా కొంటాం. వరసగా రెండుసార్లు బూజు పట్టిన సరుకు దిగేసరికి, ఈసారి మనిషే వెళ్ళి కళ్ళతో చూసి కొనాలని అక్క తేల్చేసింది. అలా నాకూ బావకూ ఐవరీ కోస్ట్ ప్రయాణం కుదిరింది. ఇద్దరికీ దేశం దాటడం ఇదే మొదలు. వీసా గురించీ సూట్‌కేసు బరువు గురించీ సలహాలిచ్చినవాళ్ళు చాలామందే గానీ, ఒంట్లో ఎలా ఉందో చూపించుకోమన్నవాళ్ళు లేరు. ఎల్లో ఫీవర్ టీకా లేకపోతే ఆ దేశంలోకి రానివ్వరని, మలేరియా మాత్రల సంగతి కూడా డాక్టర్ని అడగమని టికెట్ల ఏజెంటు చెప్పాక, టెక్కలిలో మాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం.

అక్కా బావా ఉండేది జలంత్రకోటలో. పొద్దున్నే సోంపేటలో రైలెక్కి పలాసలో దిగాడు. ఇద్దరం కాశీబుగ్గ బస్టాండులో టెక్కలి బస్సు పట్టుకున్నాం. హైవే మీద గంట లోపు ప్రయాణం, టికెట్టు వంద రూపాయల లోపే. షుగర్ పరీక్ష ఉంటుందేమో, ఏమీ తినొద్దని అక్క ఇద్దరికీ చెప్పి పంపింది. బస్సులో కూర్చున్న దగ్గర్నుంచి బావ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "టీకా అయితే ఏయించుకుంతాను గానీ, రగతం మాత్రం ఇవ్వను కళా. ముందే సెప్తన్నాను."

ఎందుకో నాకు తెలుసు. బావ వాళ్ళ అన్న కిడ్నీ జబ్బుతో పోయారు. మా ఉద్దానంలో ఆ జబ్బు మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి.

డాక్టరమ్మ మా ప్రయాణం వివరాలన్నీ ఓపిగ్గా విన్నారు. ఎల్లో ఫీవర్ టీకా ఎక్కడ పడితే అక్కడ వేయరట. విశాఖపట్నంలో ప్రభుత్వం అనుమతించిన కేంద్రానికి ముందుగా సమయం తీసుకుని వెళ్ళాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. వాళ్ళిచ్చే పసుపు రంగు పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోవాలి. తర్వాత మలేరియా సంగతికి వచ్చారు. "కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే కొన్ని మాత్రలు ఇవ్వకూడదు. అందుకని ముందు రక్తంలో క్రియాటినిన్ చూడాలి, కిడ్నీల పనితీరు దాంట్లోనే తెలుస్తుంది. ఇద్దరూ రక్తం ఇచ్చి రండి," అన్నారు.

బావ గబుక్కున లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళాను. మెట్ల దగ్గర నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"అంత భయమేంటి బావా? చిన్న సూదేగా," అన్నాను.

"సూదికి కాదే. మా అన్న రగతం ఇచ్చిన రోజు దాకా కొబ్బరిసెట్టు ఎక్కి కాయలు దింపినాడు. ఆ రిపోర్టు కాయితం వచ్చిన మర్నాడే మంచం ఎక్కేసినాడు. జబ్బు కంటే ముందు ఆ కాయితమే ఆన్ని తినేసింది."

"సరే, నేను ఇచ్చొస్తాను, నువ్విక్కడే ఉండు," అని లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నర్సు నా చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే పక్క కుర్చీ కిర్రుమంది. చూస్తే బావ. చొక్కా చెయ్యి మడుస్తూ, మొహం గోడవైపు తిప్పుకుని, "నిన్నొక్కదాన్నీ కూకోబెట్టి బయట నిలబడ్డానని తెలిస్తే మీ అక్క ఊరుకోదు," అన్నాడు.

ఇద్దరి పరీక్షలకీ కలిపి పదిహేను వందల లోపే అయింది. రిపోర్టులు మధ్యాహ్నం ఇస్తామన్నారు. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఇడ్లీలు తిన్నాం. వడ్డించే ఆవిడ బావ మోచేతి దగ్గర దూది చూసి, "రగతం ఇచ్చినారేటి బాబూ? ఉండండి, ఏడేడిగా పెడతాను," అని రెండు ఇడ్లీలు ఎక్కువే పెట్టింది. బావ ఒకటే తిన్నాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ ముందు బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ మొదటి కాగితం చూసి, "మీకు అంతా బాగుందండీ," అన్నారు. బావ నమ్మలేదు. మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ చూసి అదే చెప్పారు. రెండో కాగితం దగ్గర కాస్త ఆగి, నా వైపు తిరిగారు. నా క్రియాటినిన్ ఉండాల్సిన దాని కంటే ఎక్కువ ఉంది.

ఆవిడ అడిగారు, "నొప్పి మాత్రలేమైనా వాడతారా?" మిల్లులో పప్పుని సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగు బల్ల దగ్గర రోజంతా నిలబడటం వల్ల నాకు నడుంనొప్పి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏడాదిగా ఇంచుమించు రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. అదే చెప్పాను.

"ముందు అవి ఆపేయండి, రోజూ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. ఒక్క పరీక్ష చూసి జబ్బని చెప్పను. యూరిన్ టెస్టు, స్కానింగు చేయిద్దాం. రెండు వారాలయ్యాక మళ్ళీ రక్తం చూద్దాం. ప్రయాణం సంగతి అప్పుడు."

బయటికి రాగానే మెట్ల మీదే కూర్చుండిపోయాను. బావ పక్కనే కూర్చుని నీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టాడు. "మా అన్నకి ఇలగ ముందే సెప్పినోడు లేడే. ఆడు ఎల్లినప్పటికే అయిపోయింది. నీకు బేగి తెలిసింది. నువ్వు మంచం ఎక్కడానికి నానొప్పుకోను," అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

స్కానింగులో తేడా ఏమీ కనపడలేదు. మాత్రలు మానేశాక చేసిన పరీక్షలో అంకె తగ్గింది, కానీ పూర్తిగా మామూలుకి రాలేదు. మూడు నెలలకోసారి చూపించుకునే షరతు మీద, నా కిడ్నీలకి ఇబ్బంది లేని మలేరియా మాత్ర ఎంచి రాసి, వెళ్ళి రమ్మన్నారు డాక్టరమ్మ. విశాఖలో టీకా వేయించుకున్నాం, వెళ్ళాం, ఎండలో గోడౌన్లన్నీ తిరిగి మంచి పిక్కలు చూసుకుని వచ్చాం. నడుంనొప్పి ఉన్న పూట కూర్చునే పని చేశాను.

పరీక్ష చేయించుకోనివాళ్ళని మా ఊళ్ళల్లో మొండివాళ్ళంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నా కాగితం నా చేతికొచ్చిన రోజు తెలిసింది, అది మొండితనం కాదని. ఇంకొన్నాళ్ళు మామూలుగా బతుకుదామన్న ఆశ అది. అలాంటివాళ్ళని తిట్టి తీసుకెళ్ళలేం. పక్క కుర్చీలో కూర్చోగలం, అంతే.

ప్రయాణానికి సిద్ధమయ్యేవాళ్ళకి ఒక్క మాట: కనీసం నెలన్నర ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మీరు వేసుకునే మాత్రలన్నీ, ఎవరూ రాయకుండా షాపులో కొనుక్కున్న వాటితో సహా, ఒక కవర్లో వేసి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి.