సుబ్బక్క చింతలు, లేవి తుమ్మలు

కమలాపురానికి కోసెడు దూరంలో, పాపాఘ్ని ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో బట్టలు నేసే తొగటవాళ్ళ వీధిని ఆనుకుని ఒకప్పుడు చింతతోపు ఉండేది. చెట్లు ఊరి ఆసామివి, నీడ మాత్రం నేతగాళ్ళది. నేత పని తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. చీరకు నిలువునా పోయే పోగుల్ని పడుగంటారు. మగ్గం ఎక్కించే ముందు దాన్ని ఆరుబయట బారుగా సాగదీసి, గంజి పట్టించి, చెరోపక్కా నిలబడి కుంచెతో దువ్వుతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. ఆ గంజి నింపాదిగా ఆరాలి. ఎండలో పెట్టారా, పోగులు పెళుసెక్కి మగ్గం మీద పటపటా తెగుతాయి. నేతగాడికి మగ్గం ఎంత ముఖ్యమో చెట్టునీడా అంతే ముఖ్యం.

ఢిల్లీలో దొరల రాజుకు దర్బారు జరిగిన ఏడు, ఆ ఆసామికి ఏం పుట్టిందో ఏమో, తోపు మొత్తం ఇటుకబట్టీలకు అమ్మేశాడు. తాతలనాటి చెట్లు నెల తిరక్కుండా బూడిదయ్యాయి. ఆయన మీసం మెలేసుకుంటూ తిరిగాడు. వీధి వీధంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది. పడుగులు ఎండలో పాడైపోతుంటే ఒక్కో ఇల్లూ షోలాపూరు మిల్లులకు మూట కట్టడం మొదలుపెట్టింది.

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. నేసేవాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత ఉంటుంది గదా, ఊరు విడిచిపోయేటప్పుడు దాన్ని మట్టితో పూడ్చి, పైన అలికి, చౌడమ్మ తల్లికి దండం పెట్టుకుని పోవాలి. గుంత పూడిందంటే ఆ మనిషి ఇక రాడనే లెక్క. సుబ్బక్క బావ గురుస్వామి పోయేనాడు బండి తొందరలో ఆ పని తమ్ముడు రామలింగప్పకు అప్పగించాడు. రామలింగప్ప సుబ్బక్క మొగుడు.

గురుస్వామి గడప దాటుతుంటే సుబ్బక్క ఎదురొచ్చి నిలబడింది. అప్పటికి ఆమెకు ఇరవై నిండి ఉంటాయేమో.

“పోవద్దు బావా. నీడ లేకపోతే చెట్లు పెట్టుకుందాం. వంక గట్టున ఊరి బంజరు ఖాళీగానే ఉండాది.”

గురుస్వామి నవ్వాడు. “చింతచెట్టు నీడకొచ్చేసరికి నీ మనవళ్ళకు మీసాలొస్తాయి సుబ్బక్కా. అట్లనే పెట్టు. నీ చెట్ల కింద పడుగు సాగదీసిన నాడు కబురు చెయ్యి. యాడ ఉండినా వస్తా.”

ఎగతాళికి అన్న మాట అది. సుబ్బక్క మాత్రం కొంగున ముడేసుకుంది. ఆ సాయంత్రం రామలింగప్ప గుంత పూడ్చడానికి తట్టతో మట్టి తెస్తే, తట్ట లాక్కుని వాకిట్లో బోర్లించింది.

“మనం గూడా పోదాంలే, ఈ ఎండన పడి చావలేము” అన్నాడు రామలింగప్ప విసుగ్గా.

“ముందు నీడ రానీ. అప్పటికీ కడుపు నిండకపోతే నేనే మూట కడతా” అంది ఆమె. ఇక ఆ చెట్ల మీదే ఉంది కథంతా. అవి బతికితే కాపురం ఆ ఊళ్ళో నిలబడుతుంది, లేకపోతే లేదు.

వంక గట్టున రెండు వరసలు గుంతలు తీసింది. చింతగింజలు నానబెట్టి నాటింది. గుంతకు బలం కావాలని, క్రైస్తవపాలెంలో మేకలున్న లేవి దగ్గరికి పోయి దొడ్లో పెంట అడిగింది. లేవి తట్టలకు తట్టలు ఎత్తిచ్చాడు. వాన పడిన కొన్నాళ్ళకే గుంత గుంతనా సన్నాకు మొలకలు గుంపులుగా లేచాయి. సుబ్బక్క ఆనందం అంతా ఇంతా కాదు. వీధిలో ఒక్కొక్కర్నే చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించింది. అత్త మద్దమ్మ వంగి, ఒక చిగురు తుంచి నోట్లో వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

“పులుపేది మే? వగరు కొడతాండాది. నువ్వు ఇన్ని దినాలూ తుమ్మలకు నీళ్ళు మోస్తాండావు.”

వీధి నవ్వింది, పాలెం నవ్వింది. లేవి మాత్రం నవ్వలేదు పాపం. “మేకలు తుమ్మకాయలు మేసి గింజలు దొడ్లో రాలుస్తాయి సుబ్బక్కా. పెంటను మాగబెట్టి వేయాల. సేద్యగాళ్ళకైతే చెప్పే పని లేదు. నువ్వు మగ్గందానివని మరిచినా” అన్నాడు తల గోక్కుంటూ.

ఆ తర్వాత తీరిగ్గా చింతమొలకలూ వచ్చాయి, తుమ్మల మధ్య బిక్కుబిక్కుమంటూ. తుమ్మ పీకితే చింత వేరూ కదులుతుందని ఒక ఏడాది ఓర్చుకుంది. మరుసటేడు వానలకు కొడవలి పట్టుకుని ఒక వరస పొడవునా తుమ్మలన్నీ తీసేసింది. చేతులు ముళ్ళకు రక్తాలు కారాయి. రెండో వరస జాతరయ్యాక చూద్దాంలే అనుకుంది. వీధంతా చౌడమ్మ జాతరలో ఉండగా లేవి మేకలు గట్టెక్కాయి. శుభ్రం చేసిన వరసలో చింతమొక్క అన్నది మిగల్లేదు, మొదలంటా కొరికేశాయి. ముళ్ళ వరసలో తుమ్మ కొసలు నమిలాయే గాని లోపలి చింతల జోలికి మూతి పెట్టలేకపోయాయి.

లేవి ముఖం చెల్లక దూరంగా నిలబడ్డాడు. సుబ్బక్క ఏడ్చింది, తిట్టింది, మేకల్ని తిట్టి లేవినీ తిట్టి చివరకు తన చేతి కొడవలినీ తిట్టింది. తర్వాత ముక్కు చీదుకుని, ముళ్ళ వరస వంక చాలాసేపు చూసింది.

“లేవన్నా, ఇంగా కొన్ని తట్టలు పెంట ఇయ్యి. మాగబెట్టొద్దు, పచ్చిదే ఇయ్యి.”

చూశారా తెలివి! వీధంతా నవ్విన తప్పునే ఆమె పద్ధతిగా మార్చుకుంది. పోయిన వరసలో చింతనూ తుమ్మనూ కలిపే నాటింది.

ఆ రెండు చెట్లకూ ఎక్కడా పొత్తు లేదు. తుమ్మకు నల్లరేగడి చాలు, నీళ్ళు పోసేవాడు లేకపోయినా బతుకుతుంది, వంక పొంగి నాలుగునాళ్ళు మొదట్లో నీళ్ళు నిలిచినా దానికి లెక్కలేదు. చింతకు అలా కాదు. పసితనంలో ఎండాకాలమంతా కడవతో నీళ్ళు మోయాలి, మొదట్లో నీళ్ళు నిలిస్తే అలుగుతుంది. తుమ్మ ఆరేడేళ్ళకే మనిషిని మించి నీడ పరిచింది. చింత ఇంకా నడుమెత్తు దగ్గరే నిదానిస్తోంది.

ఆ తుమ్మల కిందే పడుగులు సాగదీశారు. నీడ జల్లెడ పట్టినట్టు పలచన, అయినా బోడి ఎండ కన్నా నయం. కష్టమల్లా ముళ్ళతోనే. కుంచె పట్టుకుని వట్టికాళ్ళతో వెనక్కీ ముందుకూ నడవాలి గదా. అందుకని సుబ్బక్క రోజూ పొద్దు పొడవకముందే చీపురు పట్టుకుని ఆ నేలంతా ఊడ్చేది. ఒకనాడు ముల్లు మడమలో విరిగి, చీము పట్టి, నయమైందే గాని నడకలో కుంటు మాత్రం మిగిలిపోయింది. చీపురు వదల్లేదు. కరువేళ్ళలో తుమ్మకాయలే లేవి మేకల్ని బతికించాయి, ఆ మేకల పాలు వీధి పిల్లల్ని బతికించాయి. రామలింగప్ప షోలాపూరు మాటెత్తడం మానేశాడు.

అలా అందరూ తుమ్మకు అలవాటు పడ్డాక, సుబ్బక్క ఒకరోజు గొడ్డలి తెచ్చింది. తుమ్మల పెత్తనం కింద చింతలు వంకరలు పోతున్నాయి, కొమ్మ చాచడానికి చోటు లేదు. ఈసారి ఆమె మీద అందరూ లేచారు.

“నా మేకలేం తినాల సుబ్బక్కా?” అన్నాడు లేవి.

“నీడిచ్చే చెట్టు కొట్టి నీడియ్యని చెట్టు సాకుతావా? బుద్ధుండే పనేనా?” అన్నాడు రామలింగప్ప.

ఆమె అరవలేదు. “తుమ్మ మనల్ని ఇంతదూరం ఎత్తుకొచ్చినాది. నేను కాదనను. దాని పని అయిపోయినాది, ఇంగ దించుకోవాల. చింత ఒకసారి నిలబడితే మన పిల్లోళ్ళు ముల్లు తొక్కే పని లేదు.”

ఒక్కసారిగా కొట్టలేదామె. ఈ ఏడు ఒకటి, పైయేడు దాని పక్కది, అలా సందు విడిచి కొట్టించింది. మొద్దులు లేవికి నాగళ్ళయ్యాయి, వీధికి మగ్గం గుంజలయ్యాయి. మేకలకోసం వంక అవతల లేవి చేత వేరే తుమ్మలు వేయించింది, నీళ్ళు మోయనక్కర్లేదు గదా. ఎండ మీద పడేసరికి చింతలు ఏళ్ళ బాకీ తీర్చుకున్నట్టు కొమ్మలు చాచాయి. కాపుకొచ్చాయి. రెండో యుద్ధంలో గింజలు కరువై గంజికి జొన్నలు దొరకనప్పుడు, వీధివాళ్ళు ఆ చింతగింజలే వేయించి, పొట్టు తీసి, విసిరి గంజి కాచుకున్నారు.

ఆఖరి తుమ్మా పోయి, చింతల నీడకు నీడ కలిసి నేల మీద ఎండచుక్క పడని ఏడు వచ్చింది. ఆ ఏడు షోలాపూరు పోతున్న చుట్టంతో సుబ్బక్క ఒక్కటే మాట చెప్పి పంపింది. చింతల కింద పడుగు సాగదీస్తాండామని.

గురుస్వామి వచ్చాడు. తల ముగ్గుబుట్ట, మిల్లు దూదికి పట్టుకున్న దగ్గు, పెళ్ళాం పోయి ఏళ్ళయింది, పిల్లలు ఎవరి దారిన వాళ్ళున్నారు. తోపు మొదట్లో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. సుబ్బక్క కుంటుకుంటూ పోయి కుంచె చేతికిచ్చింది. రామలింగప్ప పడుగుకు అవతలి పక్క నిలబడ్డాడు.

తుమ్మల సంగతి చుట్టం చెప్పే ఉంటాడు. గురుస్వామి ఒక్కో అడుగూ తడుముకుంటూ, కాలు ఎత్తెత్తి వేస్తున్నాడు.

“ముల్లు లేదు బావా. బాగా నడువు” అంది సుబ్బక్క.

నడిచాడు. ఆ కొసకు పోయి, ఈ కొసకు వచ్చాడు. కుంచె మొదట తడబడింది, తర్వాత దారిలో పడింది. గంజి నింపాదిగా ఆరింది. ఒక్క పోగు తెగలేదు. ఆయన కుంచె కింద పెట్టి చెట్టుకు ఆనుకుని కూర్చుని, తమ్ముడి వైపు చూడకుండా అడిగాడు.

“నా గుంత ఎప్పుడు పూడ్చినావప్పా?”

రామలింగప్ప పెళ్ళాం వంక చూశాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

“పూడ్చలేదు బావా. పిల్లోళ్ళు పడతారని తుమ్మపలక మూతేసినా. ఇంటికి పోయి తీద్దాం రా.”