మలుపు దగ్గర మంచు కొలిచే యంత్రం

మాది సిరిసిల్ల. మరమగ్గాల ఇంట్లో పుట్టి, మంచులో ఎంత దూరం కనబడుతుందో కొలిచే సెన్సర్లు బిగించే పనిలో పడ్డాను. ఓపిక తక్కువ, నోరెక్కువ అని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. నిజమే.

ఆ చలికాలం జగిత్యాల, కోరుట్ల మధ్య ఒక మలుపు దగ్గర పని పడింది. అంతకు ముందటేడు మంచులో దారి కనబడక ఒక కారు అక్కడి పసుపుచేలోకి దొర్లిందట. అందుకే మనిషెత్తు స్తంభానికి సెన్సర్ పెట్టాం. దానికి రెండు గాజు కళ్లు. ఒకటి వెలుగు విసురుతుంది, ఇంకోటి మంచుకు తగిలి చెదిరిన వెలుగును పట్టుకుంటుంది. చూపు రెండు వందల మీటర్లకు తగ్గితే మలుపులో ఎర్రదీపం ఆరి వెలుగుతూ కొట్టుకోవాలి.

మర్నాడు తెల్లవారి వెళ్లేసరికి మలుపు అవతల ఏమీ కనబడనంత మంచు. దీపం మాత్రం వెలగలేదు. పక్క చేను గల ఆమె శాలువా కప్పుకుని గట్టు మీద నిలబడి ఉంది. భర్త మూడేళ్లకు దుబాయి నుంచి వస్తున్నాడు, కారు జగిత్యాల దాటిందని ఇప్పుడే ఫోన్ చేశాడంది.

"దీపం ఎలుగుతలేదేంది సారూ?"

లాప్‌టాప్ తెరిచి, సీరియల్ కేబుల్ గుచ్చి, ఆదేశాలు కొట్టాను. చూపు ఎంతని అడిగితే నాలుగు వేల మీటర్లంది. హద్దు అడిగితే రెండు వందలంది. ఆపి మళ్లీ మొదలుపెట్టినా అదే మాట. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న తొందరలో అంకె ఒక్కటే పంపమని, హెచ్చరికలు వద్దని పెట్టింది నేనే. పూర్తి స్థితి చెప్పమని అడిగాను. అద్దాలు మురికిగా ఉన్నాయంది.

లేచి చూస్తే రెండు అద్దాలకూ దట్టంగా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

ఆమె మీద నోరు పారేసుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "కొత్త మిషిని గద సారూ. మా ఆయిన అచ్చే తొవ్వ మంచిగ సూడాలెనని కండ్లకే వెట్టిన" అంది. సిగ్గేసింది. పసుపు కుంకుమ పెట్టకుండా మా ఇంట్లో ఏ మగ్గం నడిచింది గనక? అద్దాలు మూసింది ఆమె అయితే, ఆ సంగతి చెప్పబోయిన సెన్సర్ నోరు మూసింది నేను.

సీసాలో నీళ్లు, మెత్తటి గుడ్డ తీసుకుని తుడిచాను. అంకె తగ్గుతూ తగ్గుతూ తొంభై దగ్గర ఆగింది. దీపం కొట్టుకోసాగింది.

కాసేపటికి కారు చప్పుడు వినబడింది. వేగంగానే వస్తోంది. ఇద్దరం మలుపు వైపే చూశాం. మలుపుకు ముందు ఆ చప్పుడు తగ్గింది, కారు మెల్లగా తిరిగి మా ముందు ఆగింది. దీపం లేకుంటే మలుపున్నట్టే తెలవకపోవు అన్నాడు డ్రైవరు. ఆమె భర్త దిగి, సామాను మాట మరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె నవ్వుతూ నా వైపు తిరిగింది.

"ఇందాక గంత తిడ్తివి. గిప్పుడు నువ్వెందుకు ఏడుస్తున్నవ్ సారూ?"